నిమిషానికో అంకె

ఊరి పేరు, తేదీ, గంట. ఆ పక్కన అరవై గళ్లు. సున్నా నిమిషం నుంచి యాభైతొమ్మిదో నిమిషం దాకా గడికో అంకె. పుణేలోని ప్రయాస్ ఎనర్జీ గ్రూప్ వాళ్లు దేశంలో వందల ఇళ్ల గోడ ప్లగ్గుల నుంచి పోగుచేసి, అందరి ముందూ ఉచితంగా పెట్టిన కరెంటు లెక్క ఇలా ఉంటుంది. గంటకో వరుస, రోజుకి ఇరవైనాలుగు వరుసలు, అంటే 1440 అంకెలు. రంగులు లేవు, బొమ్మలు లేవు. బెంగళూరులో, రామమూర్తినగర్ వైపున్న మా ఫ్లాటులో కూర్చుని ఒక రాత్రి ఆ వరుసలు తెరిచాను. మూసేసరికి ఒంటిగంట దాటింది.

ఎందుకంటే అవి చదవడం వస్తే కథలు. ఇలాంటి వరుస ఒకటి అనుకోండి: 228, 228, 227, 229, 226. తర్వాత పదిహేడు సున్నాలు. ఆపైన 214, 217, 219, 223. సున్నాలంటే కరెంటు పోయిందని ఎవరైనా చెబుతారు. అసలు సంగతి ఆ 214లో ఉంది. కరెంటు తిరిగి రాగానే వీధిలో ఆగిపోయిన ఫ్రిజ్‌లూ పంపులూ ఒక్కసారిగా లేచాయి, లైను కుంగింది, ఒక్కొక్కటీ కుదుటపడేకొద్దీ మళ్లీ నిలదొక్కుకుంది. ఆ ఇంట్లో మనుషులు ఎవరో మనకి తెలియదు. వాళ్ల వీధి ఊపిరి పీల్చుకున్న తీరు మాత్రం తెలిసిపోతుంది.

ప్రయాస్ ఎనర్జీ గ్రూప్ అంటే గిరీశ్ సంత్, శంతను దీక్షిత్ లాంటి ఇంజనీర్లు కట్టిన సంస్థ. విద్యుత్ రెగ్యులేటరీ కమిషన్ల ముందు సామాన్యుడి తరఫున లెక్కలతో నిలబడటం వాళ్ల అలవాటు. అక్కడ వాళ్లకి పదే పదే అడ్డొచ్చింది ఒక్కటే. సరఫరా బాగుందని కంపెనీ అంటుంది, బాగాలేదని జనం అంటారు. కంపెనీ చేతిలో సైఫీ, సైడీ అనే సూచికలుంటాయి. సగటు వినియోగదారుడికి ఏడాదిలో ఎన్నిసార్లు కరెంటు పోయింది, ఎంతసేపు పోయింది అనే లెక్కలవి. జనం చేతిలో కొవ్వొత్తి ఉంటుంది. కొవ్వొత్తిని కమిషన్ సాక్ష్యంగా తీసుకోదు.

పైగా ఆ సూచికల్లోనే ఒక లొసుగుంది. అవి ఎక్కువగా సబ్‌స్టేషన్‌లో, 11 కేవీ ఫీడరు మొదట్లో పుట్టే అంకెలు. ఫీడరులో కరెంటు ఉంటే ఆ ఫీడరు కిందున్న ఇళ్లన్నిటికీ ఉన్నట్టే లెక్క. మన సందు చివరి ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పోయినా, స్తంభం మీద జంపరు తెగినా, 180 వోల్టులతో ఫ్యాను నీరసంగా తిరుగుతున్నా సబ్‌స్టేషన్‌కి కబురు అందదు. చెరువు నిండుగా ఉందంటే చివరి మడికి నీళ్లు అందాయని కాదు కదా. అందుకే ప్రయాస్ వాళ్లు చివరి మడికే వెళ్లారు. ఎలక్ట్రిసిటీ సప్లై మానిటరింగ్ ఇనీషియేటివ్ అని పేరు పెట్టి, ప్లగ్గులో గుచ్చితే చాలు అనే చిన్న పెట్టె తయారు చేయించి, మహానగరాల్లో, జిల్లా కేంద్రాల్లో, చిన్న మునిసిపాలిటీల్లో, పంచాయతీల్లో ఇళ్లకిచ్చారు. ఇరవైకి పైగా రాష్ట్రాలు. 2014 నుంచి 2018 దాకా పోగైన లెక్కలు హార్వర్డ్ డేటావర్స్‌లో ఇప్పటికీ ఉన్నాయి, ఎవరైనా దించుకోవచ్చు.

పనితనం గురించి చెప్పాలంటే ఆ పెట్టె దగ్గరే ఆగాలి. వోల్టేజీ కొలవడం గొప్ప కాదు, ఎలక్ట్రీషియన్ జేబులో ఉండే మల్టీమీటరు కూడా కొలుస్తుంది. గొప్పంతా ఇంకో చోట ఉంది. కరెంటు మీద బతికే ప్రతి యంత్రమూ కరెంటు పోగానే పడుకుంటుంది. ఈ పెట్టె ఆ వేళకే మేలుకుని ఉండాలి. అందుకే లోపల బ్యాటరీ ఉంటుంది. మొబైల్ సిగ్నల్ మీద అంకెలు పుణేకి పంపాలి. కరెంటు పోతే పక్కనున్న సెల్ టవరూ పడకేయొచ్చు కాబట్టి, దారి దొరికేదాకా దాచుకోవడానికి జ్ఞాపకశక్తి కూడా కావాలి.

ఇంకా సూక్ష్మమైన చిక్కు సున్నాకీ ఖాళీకీ ఉన్న తేడా. గడిలో సున్నా ఉందంటే "చూశాను, కరెంటు లేదు" అని. గడి ఖాళీగా ఉందంటే "నేను చూడలేదు" అని. వినడానికి చిన్న విషయమే, కానీ ఈ రెండూ కలిసిపోతే మొత్తం లెక్క బూడిదలో పోసిన పన్నీరే. ఇంటావిడ ఇస్త్రీ పెట్టె కోసం ఆ ప్లగ్గు పీకేసిందనుకోండి. అది పవర్ కట్ కిందికి వెళ్తే కంపెనీ మీద నింద. పవర్ కట్ ఖాళీగా మిగిలితే కంపెనీకి ఉచిత కితాబు. ఖాళీని ఖాళీగా ఉంచడానికి నిజాయితీ కావాలి. తెలియనిచోట సగటు వేసి పూడ్చే అలవాటు మన గణాంకాల్లో ఎంత ఉందో అందరికీ తెలుసు.

ప్లగ్గు ఎంచుకోవడం కూడా ఒక విద్యే. బెంగళూరులో చాలా ఇళ్లలో హాలు ప్లగ్గులు ఇన్వర్టరు మీద ఉంటాయి. అందులో గుచ్చితే లైను పోయినప్పుడు కూడా పెట్టె ఇన్వర్టరు ఇచ్చే కరెంటునే చూసి, ఈ ఊళ్లో పవర్ కట్టే లేదని రాస్తుంది. అపార్ట్‌మెంటుల్లో డీజిల్ జనరేటరు ఇంకో మాయ. కరెంటు పోయిన అర నిమిషంలో అందుకుంటుంది, నిమిషానికోసారి చూసేవాడి కంటికి ఏమీ జరగనట్టే ఉంటుంది. జనరేటరు లేని మేడ చూసుకుని, ఇన్వర్టరు తీగ చేరని ప్లగ్గు వెతికి, పిల్లల చేతికి అందని చోట పెట్టాలి. అంత చేశాక నిమిషానికి ఒక అంకె.

నిమిషమే ఎందుకు? గంటకోసారి చూస్తే అరగంట కోత కూడా తప్పించుకుపోతుంది. సెకనుకోసారి పంపితే మొబైల్ డేటా ఖర్చు, బ్యాటరీ రెండూ తడిసి మోపెడు. నిమిషమంటే మధ్యేమార్గం. దానికీ లోపం లేకపోలేదు. చెట్టుకొమ్మ లైనుకి రాసుకుని అర సెకను కుంగి లేచే వోల్టేజీ ఈ వలలో పడదు. అలాగే పెట్టెలు పెట్టిన ఇళ్లు లాటరీ తీసి ఎంచినవి కావు, ఒప్పుకున్న వాళ్ల ఇళ్లు. కాబట్టి వాటితో దేశం మొత్తానికి తీర్పు చెప్పకూడదు. ఫలానా ఊళ్లో ఫలానా ప్లగ్గు ఇలా ఉంది అని మాత్రం బల్లగుద్ది చెప్పొచ్చు.

ఈ అంకెల అవసరం ఒకప్పుడు ఇంతగా ఉండేది కాదు, ఎందుకంటే ఇల్లే ఒక వోల్టుమీటరు. ఫిలమెంటు బల్బు వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుగు ముప్పై శాతం దాకా తగ్గేది. "కరెంటు డిమ్ముగా ఉంది" అన్న మాట అక్కడిదే. సాయంత్రం ఆరున్నరకి బల్బు గుమ్మడిపువ్వు రంగుకి తిరిగితే వీధిలో అందరూ దీపాలు వేశారని అర్థం. ఫ్రిజ్ పక్కన స్టెబిలైజరు, దాని మీద ఊగే ముల్లు, లోపల రిలే టక్కుమనే చప్పుడు. ఆ టక్కు వినగానే "ఓల్టేజీ పడింది, మోటారు వేయకు" అని లోపలి నుంచి అమ్మ కేక. రాయలసీమ, తెలంగాణ రైతుకైతే ఇది వెలుగు సంగతి కూడా కాదు. వోల్టేజీ ఇరవై శాతం పడితే బోరు మోటారు లాగే బలం మూడోవంతుకి పైగా పోతుంది, అది లేవలేక మూలుగుతూ వేడెక్కి వైండింగు కాలుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 11 కేవీ లైనునే పొలాల దాకా తీసుకెళ్లి, కొద్ది మోటార్లకో చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టే పద్ధతి వచ్చిందంటే ఆ కాలిన మోటార్ల ఉసురు కూడా ఒక కారణం.

ఇప్పుడు ఎల్ఈడీ బల్బు 170 దగ్గరా అంతే వెలుగుతుంది, 250 దగ్గరా అంతే వెలుగుతుంది. ల్యాప్‌టాప్ చార్జరు, ఇన్వర్టర్ ఏసీ కూడా వోల్టేజీ తగ్గితే చప్పుడు చేయకుండా ఇంకాస్త ఎక్కువ కరెంటు లాక్కుని పని కానిచ్చేస్తాయి. సుఖమే. కానీ ఇంటికి చూపు పోయింది. లైను ఎంత అవస్థ పడుతోందో మన కంటికి కనబడటం మానేసింది. అందుకే అంకె కావాల్సొచ్చింది.

బెంగళూరుకి ఈ కొలత మీద కొంచెం పాత హక్కుంది. 1902లో శివనసముద్రం జలపాతం దగ్గర పుట్టిన కరెంటు సుమారు 147 కిలోమీటర్లు తీగల మీద ప్రయాణం చేసి కోలారు బంగారు గనులకి చేరింది. 1905 ఆగస్టు 5న ఇదే శివనసముద్రం కరెంటుతో బెంగళూరు మార్కెట్ దగ్గర వీధి దీపాలు వెలిగాయి. అంతదూరం నుంచి వచ్చే కరెంటు చివర్లో ఎంత మిగిలిందన్నదే ఆనాటి ఇంజనీర్ల బెంగ. నేటికీ ఊరికి బెంగ అదే, దూరమే తగ్గింది. ఇప్పుడది ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మన గడప దాకా ఉన్న మూడువందల మీటర్లు.

ఒకే ప్లగ్గులో రెండు రకాల వార్తలుంటాయి. ఒకటి ఫ్రీక్వెన్సీ, సెకనుకి 50 ఆవృత్తాలు. దాన్ని కాచుకునే దక్షిణాది లోడ్ డిస్పాచ్ కేంద్రం బెంగళూరులోనే, రేస్‌కోర్స్ పక్కన ఉంది. 2013 డిసెంబర్ 31న రాయచూరు, షోలాపూర్ మధ్య 765 కేవీ లైను కలిసినప్పటి నుంచి దేశమంతటికీ ఒకే లయ. మా వంటింట్లో ఫ్రీక్వెన్సీ 49.92 అయితే శ్రీనగర్‌లోనూ అంతే. అమెరికాలో ప్రొఫెసర్ యీలు లియూ బృందం ఎఫ్‌నెట్ పేరుతో ఈ ఫ్రీక్వెన్సీనే ప్లగ్గుల్లో కొలిచింది. మామూలు ఇంటి ప్లగ్గుల్లో పెట్టెలు గుచ్చి, జీపీఎస్ గడియారంతో కాలం సరిచూసుకుని, ఎక్కడో పవర్‌హౌస్ ట్రిప్పయితే ఆ కుదుపు ఏ దిక్కు నుంచి అలలా వచ్చిందో చూసి చోటు పట్టుకుంటారు. రెండోది వోల్టేజీ. ఇది దేశం గొడవ పట్టించుకోదు, మన సందు కబుర్లే చెబుతుంది. కొద్ది పెట్టెలతో దేశం నాడి దొరుకుతుంది కానీ సందుల ముచ్చట దొరకదు. దానికి సందుసందునా ఒకటి కావాలి.

ఆ సందు కబుర్లు ఎలా ఉంటాయో చూడండి. 1956 నాటి విద్యుత్ నిబంధనలు ఇంటి వోల్టేజీ ఆరు శాతానికి మించి అటూఇటూ కదలకూడదన్నాయి. 230కి లెక్కేస్తే 216 నుంచి 244 దాకా. స్తంభం మీది ట్రాన్స్‌ఫార్మర్ పలక మీద 11000/433 అని ఉంటుంది. 433 అంటే రెండు ఫేజుల మధ్య వోల్టేజీ, ఇంటికొచ్చే ఒక్క ఫేజుకి లెక్కేస్తే 250. అంటే ట్రాన్స్‌ఫార్మర్ కావాలనే కొంచెం ఎక్కువ ఇస్తుంది, దారిలో ఖర్చయ్యేదానికి ముందే దారిబత్తెం కట్టినట్టు. అందుకే అర్ధరాత్రి ట్రాన్స్‌ఫార్మర్ పక్కింట్లో 246, సాయంత్రం లైను చివరింట్లో 209 కనబడటం ఒకే జబ్బు రెండు ముఖాలు. ఇద్దరూ ఫిర్యాదు చేస్తారు. లైన్‌మన్ ఒకరికి తగ్గిస్తే ఇంకొకరికి పడిపోతుంది.

ఉన్నట్టుండి ఒక నిమిషంలో అంకె మూడు వోల్టులు ఎగిరి అక్కడే స్థిరపడిందంటే అది మన వీధి పని కాదు. ఎక్కడో సబ్‌స్టేషన్‌లో పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ తన ట్యాపు ఒక మెట్టు మార్చుకుంది. మెట్టుకి సుమారు ఒకటింబావు శాతం. ఆ ట్రాన్స్‌ఫార్మర్ కిందున్న వేల ఇళ్లు ఒకేసారి అదే మెట్టు ఎక్కుతాయి. రెండు ఇళ్ల వరుసలు పక్కపక్కన పెట్టి ఈ మెట్లు పోల్చితే అవి ఒకే సబ్‌స్టేషన్ బిడ్డలో కాదో చెప్పొచ్చు. చిన్న చిన్న వణుకులు కూడా కలిస్తే ఒకే ట్రాన్స్‌ఫార్మర్, ఒకే ఫేజు. ఏ ఇల్లు ఏ ఫేజు మీదుందో కరెంటు కంపెనీల రికార్డుల్లో చాలాచోట్ల సరిగ్గా ఉండదు. స్తంభం ఎక్కకుండా కుర్చీలో కూర్చుని అంకెల పోలికతో దాన్ని తేల్చడం ఇప్పుడు ఇంజనీరింగ్‌లో ఒక శాఖే అయింది.

నాకు బాగా నచ్చిన సంతకం మటుకు సగం వోల్టేజీది. ట్రాన్స్‌ఫార్మర్ పైవైపు మూడు తీగలుంటాయి, మూడు చుట్లు ఆ తీగల మధ్య జతజతగా తగిలించి ఉంటాయి. గాలికో కాకికో పైన ఒక్క ఫ్యూజు పోయిందనుకోండి. మిగిలిన రెండు తీగల మధ్య ఉన్న చుట్టుకి నిండు వోల్టేజీ. మిగతా రెండు చుట్లూ తెగిన చోట ఒకదానికొకటి వరుసలో పడి, ఉన్నదాన్ని చెరిసగం పంచుకుంటాయి. కింద వీధిలో మూడోవంతు ఇళ్లకి 230, మిగిలిన వాళ్లకి ఇంచుమించు 115. "పక్కింట్లో ఉంది, మాకే లేదు" అని ఫోన్ చేసేవాళ్లకి ఈ సంగతి తెలియదు, ఎదుటివాడు నమ్మడు కూడా. రెండు ప్లగ్గుల్లో 115, ఒకదాంట్లో 230 కనబడితే మాత్రం నిచ్చెన వేయకముందే చెప్పొచ్చు, పోయింది పైవైపు ఫ్యూజని.

ఈ చదువంతా ఒంటబట్టాక ఎస్‌పీ రోడ్డుకి వెళ్లి, ప్లగ్గులో గుచ్చితే వోల్టేజీ చూపే చిన్న మీటరు ఒకటి కొన్నాను. పొద్దున్నే గీజరు వేయకముందు ఒక అంకె, వేశాక ఒక అంకె క్యాలెండరు మీద రాయడం మొదలుపెట్టాను. ఇంట్లో వాళ్లు కొన్నాళ్లు నవ్వి ఊరుకున్నారు. 233, గీజరు వేస్తే 228. ఐదు వోల్టులు. రెండు కిలోవాట్ల గీజరు సుమారు 8.6 ఆంపియర్లు లాగుతుంది, అంటే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి నా ప్లగ్గు దాకా తీగల నిరోధం అర ఓముకి కాస్త పైన. ఇది నా ఇంటి రక్తపోటు లాంటిది. రోజూ అదే రావాలి.

రాలేదు. నాలుగు నెలల్లో ఐదు కాస్తా ఆరై, ఏడై, తొమ్మిది దగ్గరికి వచ్చింది. ఇంకో వింత కూడా కనబడింది. పొద్దున ఆరింటప్పుడు, మేం ఇంకా ఏదీ వేయకముందే, అంకె ఒకటి రెండు వోల్టులు పైకి లేచేది. ఊరంతా గీజర్లు వేసే వేళ వోల్టేజీ తగ్గాలి గానీ పెరగడమేమిటి? ఎవరిదో భారం పెరిగితే నాకు వోల్టేజీ పెరుగుతోందంటే, మా ఇద్దరి ఫేజులు వేరు, కానీ తిరుగుదారి ఒకటే, ఆ తిరుగుదారి సరిగా లేదు. అంటే న్యూట్రల్.

మా మేడకి వచ్చే ఎలక్ట్రీషియన్ ముళబాగిలు వైపు మనిషి. వాళ్ల ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, ప్యానెల్ బోర్డు ముందు రెండూ. క్యాలెండరు చూపిస్తే ముందు నన్ను వింతగా చూశాడు. "ఈ లెక్కలన్నీ ఏంటికి సార్, కరెంటు బాగానే వస్తా ఉంది కదా" అన్నాడు. బతిమాలి కింద మీటర్ల గదిలో మా మేడ ప్యానెల్ తెరిపించాను. మెయిన్ ఆపి, న్యూట్రల్ లింకు మీద టార్చి వేశాడు. ఇత్తడి స్క్రూ చుట్టూ గోధుమరంగు మచ్చ, తీగ తొడుగు ముడుచుకుని గాజులా పెళుసుబారి ఉంది. స్క్రూడ్రైవరు పెడితే ముప్పావు చుట్టు తిరిగింది. "అబ్బ, లూజైంది సార్. కాల్తా ఉంది ఇది" అన్నాడు, ఈసారి గొంతు మారింది.

ఎంత కాలుతోందో లెక్క వేసుకున్నాం. అదనంగా పోతున్న నాలుగు వోల్టులు, నా ఒక్క గీజరు లాగే 8.6 ఆంపియర్లు, గుణిస్తే 34 వాట్లు. అతని సంచిలో ఉన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. అంతకన్నా వేడి ముక్క ఒకటి మీటర్ల గదిలో, చెక్కబోర్డు మీద, రోజూ పొద్దున అరగంట వెలగకుండా వెలుగుతోందన్నమాట. మరికొన్నాళ్లు చూసీచూడనట్టు వదిలేసి ఉంటే స్క్రూ పూర్తిగా విడిపోయేది. న్యూట్రల్ తెగితే మూడు ఫేజుల మధ్య బిందువు పట్టుతప్పి బరువున్న వైపు జరుగుతుంది. అరవై వోల్టులు జరిగితే చాలు, గీజర్లు వేసుకున్న ఇళ్లకి 170, ఏమీ వేయని ఇళ్లకి 265. ఎక్కువ కరెంటు వాడినవాడు బతికిపోతాడు, పొదుపు చేసినవాడి టీవీ కాలుతుంది. విద్యుత్ శాస్త్రంలో నాకు ఇంతకన్నా అన్యాయమైన న్యాయం కనబడలేదు.

ఒక్క ప్లగ్గుతో ఇంత తెలిస్తే నాలుగైదు కలిస్తే ఇంకెంత తెలుస్తుందన్నది ఘనా రాజధాని అక్రాలో 2018లో చూశారు. పవర్‌వాచ్ అనే పెట్టెల్ని అక్కడ ఊరంతా చల్లకుండా, ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద కొన్ని చొప్పున ఇళ్లలో పెట్టారు. ఒక్కటే ఆగితే ప్రీపెయిడ్ మీటరులో డబ్బులైపోయాయో, ఎవరైనా పీకారో చెప్పలేం. రెండు ఒకే క్షణంలో ఆగితే అది లైను తప్పు. ఒక సాక్షి మాట వినికిడి, ఇద్దరి మాట సాక్ష్యం అనే పాత ధర్మాన్ని తీగల మీద పెట్టారు. ప్రయాస్ వాళ్ల పెట్టెలు ఊరికి కొన్నే కాబట్టి ఈ జంట సాక్ష్యం వాటికి తక్కువ. కానీ నిమిషం నిమిషం వోల్టేజీ ఎవరైనా చూడొచ్చని బయట పెట్టిన ఉదారత వాళ్లదే.

బెంగళూరులో కొత్త కనెక్షన్లకి ఇప్పుడు స్మార్ట్ మీటర్లు వస్తున్నాయి. మన దేశపు ప్రమాణాల ప్రకారం అవి వోల్టేజీ సగటును కొద్ది నిమిషాలకోసారి రాసుకోవాలి. వోల్టేజీ మరీ పెరిగినా మరీ పడినా ఆ సంఘటన దాచుకోవాలి, పంపాలి. ప్రయాస్ వాళ్లు వందల ఇళ్లలో చేసింది లక్షల ఇళ్లలో చేయగల సరంజామా గోడ మీదకే వస్తోంది. ఆ అంకెలు బిల్లు కట్టేవాడికి కూడా కనబడతాయా, ఖాళీ గడి ఖాళీగానే ఉంటుందా అన్నదే నా అనుమానం. ఇంకో అనుమానమూ ఉంది. మా ఇంట్లో గీజరు ఎప్పుడు వేశామో, ఊళ్లో ఉన్నామో లేమో కూడా ఈ అంకెలు చెప్పేస్తాయి. ప్రయాస్ వాళ్ల వరుసల్లో ఊరు, పేట ఉన్నాయి గానీ ఇంటి నంబరు లేదు.

లింకు మార్చి, తీగ కొస కత్తిరించి కొత్తగా బిగించాక మర్నాడు పొద్దున గీజరు వేశాను. 233, 228. క్యాలెండరు మీద రాస్తుంటే ఫోన్ మోగింది. ముళబాగిలాయన. ఇంకో అపార్ట్‌మెంటులో పనిలో ఉన్నట్టున్నాడు, వెనక డ్రిల్లింగ్ మిషన్ మోత.

"సార్, ఆ ప్లగ్గు మీటరు ఎస్‌పీ రోడ్డులో ఏ అంగట్లో తీసుకుంటిరి? నాకు మూడు కావాల, ఫేజుకొకటి."